ఎండలు ముదరకముందే ఉప్పునీటి అక్వేరియం గురించి

సంపాదకులు గారికి,

నమస్కారం. విజయవాడ, గుంటూరు అక్వేరియం షాపుల్లో ఈమధ్య గోల్డ్ ఫిష్ పక్కనే ఉప్పునీటి చేపలు కూడా కనిపిస్తున్నాయి. 'ఫైండింగ్ నీమో' సినిమా పుణ్యమా అని పిల్లలు చూడగానే గుర్తుపట్టే నారింజ రంగు క్లౌన్ చేప అందులో ముందు వరస. రెండంగుళాల చేపే కదా అని అడుగు పొడవు గాజుపెట్టె, ఓ ఉప్పు ప్యాకెట్టు, రెండు చేపలు ఒకే సాయంత్రం, ఒకే బిల్లు మీద అంటగడుతున్నారు. వారం తిరక్కుండా చేపలు తేలిపోతాయి. "మన ఊరి నీళ్లు వీటికి పడవండీ" అంటాడు అమ్మినాయన. "మన చెయ్యి అచ్చిరాలేదు" అనుకుంటారు కొన్నవాళ్లు. రెండూ నిజం కాదు. చేప పోవడానికి కారణాలు లెక్కగట్టి చెప్పగలిగేవే, వాటిలో చాలావరకు మే నెలలో బయటపడేవే. అందుకే ఎండలు ముదరకముందే రాస్తున్నాం. ఉత్తరం పొడుగనిపిస్తే రెండు విడతలుగా వేసినా ఫర్వాలేదు గానీ దయచేసి అంకెలు మాత్రం తీసేయకండి.

ముందు పెట్టె సంగతి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే 28 లీటర్లు. రాయి, ఇసుక పోను నీళ్లు 25 లీటర్లు మిగిలితే గొప్ప. ఎండాకాలం ఫ్యాను గాలికి అందులోంచి రోజుకో లీటరు ఆవిరవుతుంది. నీరు పోతుంది, ఉప్పు పోదు. మూడు రోజులు పెళ్లికి వెళ్లి వస్తే 22 లీటర్లు మిగులుతాయి, 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్లు) ఉండాల్సిన ఉప్పు దాదాపు 40కి చేరుతుంది. అదే 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు పెట్టెలో రాళ్లు పోను సుమారు 160 లీటర్లు పడతాయి. దాంట్లోంచి రోజుకు 3 లీటర్లు పోయినా మూడు రోజులకు 37 దగ్గర ఆగుతుంది. వేడి విషయంలోనూ అంతే, పెద్ద నీరు నెమ్మదిగా కాగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు చిన్నపెట్టె సులువు అన్న మాట తలకిందులు మాట. చిన్నపెట్టె చెయ్యి తిరిగినవాళ్లకు.

ఈ 3 అడుగుల పెట్టె నీళ్లు, రాళ్లు, గాజు, స్టాండు కలిపి రెండున్నర క్వింటాళ్లు దాటుతుంది. టీవీ స్టాండు మీద పెట్టే వస్తువు కాదు. 10 మిల్లీమీటర్ల గాజు, ఇనుప స్టాండు, కింద అర అంగుళం థర్మోకోల్ షీటు. స్పిరిట్ లెవెల్ పెట్టి చూడకుండా నీళ్లు నింపొద్దు. ఒక మూల కొంచెం ఎత్తుగా ఉన్నా ఆ బరువంతా అతుకు మీద పడుతుంది.

ఇక ఉప్పు. కల్లుప్పు పనికిరాదు. చినగంజాం మడుల్లో పండేదీ సముద్రపు నీటి ఉప్పే కదా అని అడుగుతుంటారు. మడిలో నీరు ఇంకి ఉప్పు గడ్డకట్టాక మిగిలిన చేదునీటిని వదిలేస్తారు, మెగ్నీషియం, పొటాషియం అందులోనే పోతాయి. బస్తాలోకి వచ్చేది దాదాపు అంతా సోడియం క్లోరైడే. అక్వేరియం కోసం అమ్మే రీఫ్ సాల్ట్ కలిపితే నీటిలో కాల్షియం 400 నుంచి 450 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు), మెగ్నీషియం 1300 దగ్గర, పీహెచ్ పడిపోకుండా ఆపే ఆల్కలినిటీ దాని కొలమానంలో 8 నుంచి 9 డీకేహెచ్ రావాలి. లీటరుకు సుమారు 36 గ్రాములు, అంటే 160 లీటర్లకు 6 కిలోలకు కాస్త తక్కువ. నీళ్లలో ఉప్పు పోయాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. అలా పోస్తే అడుగున గాఢత ఎక్కువై కాల్షియం కార్బొనేటుగా విరిగి, నీళ్లు సున్నపుతేటలా తెల్లబడతాయి. ఆ తెలుపు మళ్లీ కరగదు, ఆ ఉప్పు దండగే. విడి డ్రమ్ములో పంపు పెట్టి ఒక రాత్రంతా తిప్పి, తెల్లారి కొలిచి, అప్పుడే పెట్టెలోకి. వానాకాలం ప్యాకెట్టు మూతి తెరిచి ఉంచితే చెమ్మ తాగి గడ్డ కడుతుంది కాబట్టి మూత బిగించే డబ్బాలో పెట్టుకోవాలి.

దగ్గర్లోనే సూర్యలంక, అటు మంగినపూడి ఉండగా ఉప్పు కొనడమెందుకు, రెండు క్యాన్లు నింపుకొస్తే పోలా అనే సలహా తరచూ వినిపిస్తుంది. హంసలదీవి దగ్గర కృష్ణ కలిసే తీరం ఇది. వరదల రోజుల్లో ఒడ్డునీటిలో ఉప్పు పడిపోతుంది, ఒండ్రు పెరుగుతుంది, రొయ్యల చెరువుల నీళ్లూ అందులోకే వచ్చి చేరతాయి. కృష్ణా గోదావరుల ఒండ్రుతో మసకబారే నీళ్లు కనుకే మన తీరాన పగడపు దిబ్బలు పెరగలేదు. అవి మన్నార్ సింధుశాఖ, కచ్, లక్షద్వీప్, అండమాన్ వైపు ఉన్నాయి. పగడపు దిబ్బ చేపకు పగడాలు బతకని నీళ్లు పోస్తే ఏం లాభం?

ఉప్పు కొలిచే పరికరం విషయంలో మాత్రం మనకు అదృష్టం ఉంది. రొయ్యల సరుకు అమ్మే షాపుల్లో రిఫ్రాక్టోమీటర్ దొరుకుతుంది. అయితే వాటిలో ఎక్కువ భాగం వట్టి ఉప్పునీటి లెక్కకు గుర్తులు వేసినవి, సముద్రపు నీటి దగ్గర ఒకటిన్నర పీపీటీ దాకా తేడా చూపిస్తాయి. చెరువుకు ఆ తేడా లెక్కలోది కాదు, పగడానికి లెక్కే. శుద్ధమైన నీటితో సున్నాకు సరిచేస్తే సరిపోదు. 36.5 గ్రాముల మామూలు వంట ఉప్పును 963.5 గ్రాముల ఆర్వో నీటిలో కరిగించి ఒక చుక్క వేస్తే 35 చూపించాలి, చూపించకపోతే స్క్రూ తిప్పి అక్కడికి తేవాలి. ఆ నీటిని సీసాలో బిగించి పెట్టుకుని నెలకోసారి సరిచూసుకోవచ్చు. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్లు వద్దు. ముల్లుకు ఒక్క గాలిబుడగ అంటుకున్నా తప్పు చూపిస్తాయి.

నీళ్లు. కుళాయి నీళ్లలో క్లోరిన్, బోరు నీళ్లలో లవణాలు, రెండింటిలోనూ నాచుకు మేత ఉంటాయి. ఇంట్లో ఆర్వో ఉంది కదా అంటే, దాని చివర మినరల్ క్యాట్రిడ్జ్ ఉందేమో చూడండి. శుద్ధిచేసిన నీటిలోకి రుచి కోసం మళ్లీ లవణాలు కలిపేది అదే. ఇంకా ప్రమాదం, రాగి కలిపే ఆర్వో మిషన్లు. మనిషికి మంచిదో కాదో గానీ రొయ్యకు, నత్తకు, పగడానికి రాగి విషం. రాగి బిందెలో పట్టి ఉంచిన నీళ్లకూ ఇదే మాట. క్యాట్రిడ్జ్ తీసేసిన ఆర్వో నీటిని మిగిలిన లవణాలను లాగేసే డీఐ రెసిన్ గొట్టం గుండా పంపి, కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు సున్నా చూపిస్తేనే వాడాలి. మీటరు 3, 4 చూపించడం మొదలైతే రెసిన్ అయిపోయిందని అర్థం. వీధిలోకి వచ్చే 20 లీటర్ల క్యాన్ల నీళ్ల టీడీఎస్ ఒక్కో ప్లాంటులో ఒక్కోలా ఉంటుంది, వాటి మీద ఆధారపడొద్దు.

అసలు సంగతి వేడి. రెంటచింతల దాకా వెళ్లక్కర్లేదు, మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఏసీ లేని గది 36, 37 డిగ్రీలు ఉంటుంది. పగడపు దిబ్బ చేపలకు 25 నుంచి 27 డిగ్రీలు హాయి. 29 దాకా చేప తట్టుకుంటుంది, 31 దాటితే పగడాలు ముందు, చేపలు తర్వాత పోతాయి. వేడి ఒక్కటే చంపదు. నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ పట్టుకునే శక్తి తగ్గుతుంది, అటు చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. 25 డిగ్రీల మంచినీటిలో లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైగా పట్టే ఆక్సిజన్, అదే వేడిలో సముద్రపు నీటిలో 6.7 దగ్గర ఆగిపోతుంది. 30 డిగ్రీలకు 6.2. వనామీ రొయ్యల చెరువు రైతుకు డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) అంటే ఏమిటో, తెల్లవారుజామున ఏరేటర్ ఆగితే ఏమవుతుందో విడమరచి చెప్పక్కర్లేదు. గాజుపెట్టె కూడా చెరువే, కాకపోతే చాలా చిన్న చెరువు.

ఫ్యానుతో చల్లబరచడం మొదటి మెట్టు. పెట్టె మీద ఏటవాలుగా రెండు చిన్న ఫ్యాన్లు బిగిస్తే నీరు ఆవిరై వేడిని పట్టుకుపోతుంది. ఒక లీటరు ఆవిరైతే 160 లీటర్ల నీటిని మూడున్నర డిగ్రీలు తగ్గించేంత వేడి పోయినట్టు. వడగాడ్పులు వీచే పొడి ఎండలో ఇది బాగా పనిచేస్తుంది. ఉక్కపోత రోజుల్లో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, గాలిలో చెమ్మ ఎక్కువై ఆవిరి తగ్గి ఫ్యాను చేతులెత్తేస్తుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మేలో గట్టెక్కాం కదా అని నీటిని చల్లబరిచే మిషను, అదే చిల్లర్, కొనరు, జూన్ రెండో వారంలో నీరు 32కి ఎక్కుతుంది.

చిల్లర్ కొనేటప్పుడు డబ్బా మీద రాసిన లీటర్లు నమ్మొద్దు, అవి మన మే నెల గదిని చూసి రాసినవి కావు. 160 లీటర్లకు 1/10 హెచ్‌పీ సరిపోతుందని రాసి ఉంటే మన దగ్గర దానికి పై సైజు తీసుకోవాలి. చిన్న మిషను 24 గంటలూ ఆగకుండా తిరిగి రెండు వేసవులకే కంప్రెసర్ పోగొట్టుకుంటుంది. స్టాండు కింద తలుపులేసిన అరలో చిల్లర్ పెట్టడం ఇంకో తప్పు. అది వదిలే వేడిగాలిని అదే మళ్లీ పీల్చుకుంటూ చల్లబరచలేక కొట్టుకుంటుంది. నాలుగు వైపులా అడుగు ఖాళీ ఉండాలి. 27 డిగ్రీలకు పెట్టండి, 24కి వద్దు. కరెంటు పోయినప్పుడు 24 నుంచి 31కి ఎక్కడం కంటే 27 నుంచి 31కి ఎక్కడం చేపకు తక్కువ దెబ్బ. కరెంటు లెక్క కూడా ముందే వేసుకోవాలి. 200 వాట్ల చిల్లర్ రోజుకు 10 గంటలు నడిస్తే నెలకు 60 యూనిట్లు. ఈ 60 యూనిట్లు భారమనుకుంటే మంచినీటి గప్పీలే మేలు. అందులో చిన్నతనం ఏమీ లేదు, అవీ అందమైన చేపలే.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం 100 వాట్ల హీటరు కావాలి. అది పెద్ద విషయం కాదు.

ఆవిరైన నీటి స్థానంలో పోయాల్సింది ఉప్పులేని డీఐ నీళ్లు. అలవాటులో ఉప్పునీళ్లు పోసేవాళ్లున్నారు. నాలుగు రోజుల్లో 12 లీటర్లు అలా పోస్తే 420 గ్రాముల ఉప్పు అదనంగా చేరి 35 కాస్తా 37.6 అవుతుంది. ఆటోమేటిక్‌గా నీళ్లు పోసే సెన్సర్ పెట్టుకునేవాళ్లు దానికి ఆధారమైన డబ్బా 10 లీటర్లకు మించనివ్వొద్దు. సెన్సర్ ఇరుక్కుపోయి డబ్బా అంతా పెట్టెలోకి పోయినా ఉప్పు 33 దగ్గర ఆగుతుంది, చేప బతుకుతుంది. 50 లీటర్ల డ్రమ్ము పెడితే ఆ మాట చెప్పలేం.

కరెంటు విషయంలో, 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో రోజుల తరబడి చీకట్లో ఉన్న ఊరు మనది. ఇన్వర్టర్ మీద చిల్లర్ వద్దు, బ్యాటరీ తాగేస్తుంది. నీటిని కదిలించే 10, 15 వాట్ల వేవ్ మేకర్ ఒక్కటి కలిపితే 150 ఏహెచ్ బ్యాటరీ రోజంతా లాగుతుంది. నీటి పైపొర కదులుతున్నంతసేపు ఆక్సిజన్ అందుతుంది. చేపపిల్లలను బండిమీద తీసుకెళ్లేవాళ్లు వాడే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి అలమరలో ఉంచుకోవాలి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి, ఆ తర్వాత పైకెక్కేలా వదిలితే జారిన చుక్క నేలమీద పడుతుంది, సాకెట్లోకి పోదు. ఉప్పునీరు కరెంటును మంచినీటికంటే ఎన్నో రెట్లు బాగా మోస్తుంది, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా చెయ్యి పెట్టొద్దు.

పెట్టె సిద్ధమైంది, ఉప్పునీరు తిరుగుతోంది. ఇప్పుడు చేప వేయాలా? వద్దు. ఇంకో నెల నుంచి నెలన్నర. చేప వదిలే అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ల రంధ్రాల్లో పెరగాలి. సముద్రపు నీటి పీహెచ్ 8.2. మంచినీటి తొట్టెలో 7 దగ్గర ఇబ్బంది పెట్టని అమ్మోనియా ఈ పీహెచ్‌లో పది రెట్లకు పైగా విషమవుతుంది. మంచినీటి చేపలు పెంచి చేయి తిరిగినవాళ్లు కూడా ఉప్పునీటిలో బోల్తా పడటానికి కారణం ఇదే.

చేప లేకుండానే బాక్టీరియాకు మేత పెట్టొచ్చు. ల్యాబ్ సామాన్ల షాపులో దొరికే శుద్ధమైన అమ్మోనియం క్లోరైడ్, అంటే నవాసారమే, 160 లీటర్లకు ఒక గ్రాము వేస్తే 2 పీపీఎం అమ్మోనియా వస్తుంది. గిన్నెలకు కళాయి వేసేవాళ్ల దగ్గరి నవాసారం వద్దు, అందులో ఏ లోహం కలిసి ఉంటుందో చెప్పలేం. కిట్‌తో రెండు రోజులకోసారి కొలవండి. అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది, తర్వాత అదీ తగ్గుతుంది. మళ్లీ ఒక గ్రాము వేసి, 24 గంటల్లో రెండూ సున్నా అయితే పని అయినట్టు. అప్పుడు సగం నీరు మార్చి మొదటి చేప. పచ్చి రొయ్యను గుడ్డలో కట్టి కుళ్లబెట్టే పద్ధతీ ఉంది, పనిచేస్తుంది కూడా. ఇంట్లోవాళ్లు ఊరుకుంటే.

రాళ్లు 12 నుంచి 15 కిలోలు, రంధ్రాలు ఎక్కువున్న ఎండు రీఫ్ రాయి. సిమెంటుతో ఇంట్లో చేసుకునేవాళ్లు వారాల తరబడి నీళ్లు మారుస్తూ నానబెట్టాలి, లేకపోతే సున్నం దిగి పీహెచ్ పైకెక్కుతుంది. ఇసుక అరగొనైట్, అంటే సున్నపు రకం ఇసుక. కృష్ణా ఇసుక ఇల్లు కట్టడానికే. ముందు రాళ్లు అడుగు గాజు మీద నిలబెట్టి, తర్వాతే చుట్టూ ఇసుక పోయాలి. ఇసుక మీద రాయి పెడితే, కింద బొరియ తవ్వే చేపో రొయ్యో ఉన్నప్పుడు రాయి కూలి గాజు పగులుతుంది. రాళ్ల వెనక నీరు నిలవకుండా గంటకు 2500 నుంచి 3000 లీటర్ల వేవ్ మేకర్, మురికి నురగను లాగే ప్రొటీన్ స్కిమ్మర్ ఉంటే చాలు.

చేపల ఎంపికకు వద్దాం. ఈ పెట్టెకు చిన్న చేపలు అయిదు, అంతే. రెండు క్లౌన్ చేపలు. సైజులో తేడా ఉన్న పిల్లలను కొనండి. క్లౌన్ పిల్లలన్నీ మగవే, జంటలో పెద్దది ఆడదిగా మారుతుంది. ఒకే సైజువి రెండు పెద్దవి తెస్తే ఆ పెద్దరికం తేలేదాకా కొట్టుకు చస్తాయి. దీనికి సముద్రపు పువ్వు, అదే ఎనిమోన్, తప్పనిసరి అని షాపులో చెబుతారు. కాదు. ఎనిమోన్‌కు గట్టి వెలుతురు, ఏడాది పాతబడ్డ పెట్టె కావాలి. అది తనకు నచ్చని చోటు వదిలి నడుస్తుంది, వేవ్ మేకర్లో పడి తునకలైతే ఆ రసానికి పెట్టె మొత్తం పోతుంది.

మా లెక్కలో కొత్తవాళ్లకు అన్నిటికంటే ముద్దొచ్చే చేప పసుపు వాచ్‌మన్ గోబీ. కృష్ణలో దొరికే ఇసుకదొందుల జాతిదే. పిస్టల్ రొయ్య ఒకటి దీనికి జోడీ. రొయ్యకు చూపు తక్కువ, బొరియ తవ్వడం దాని పని. చేపకు చూపు ఎక్కువ, గడప దగ్గర కాపలా దాని పని. రొయ్య మీసం ఎప్పుడూ చేప మీదే ఉంటుంది, చేప తోక అదిలించగానే రెండూ లోపలికి. ఈ కాపురం చూడాలంటే ఇసుక రెండు అంగుళాలు, అందులో చిన్న రాతిముక్కలు కలిపి ఉండాలి. వట్టి సన్న ఇసుకలో బొరియ నిలవదు.

ఫైర్ ఫిష్ ఒకటి వేయొచ్చు. సాధువు, ఎగురుతుంది. మూతగా గాజు పలక వేస్తే వేడి ఆగిపోతుంది, కాబట్టి అల్యూమినియం ఫ్రేముకు పావు అంగుళం కన్ను ఉన్న నైలాన్ వల బిగించాలి. రాయల్ గ్రామా ఊదా, పసుపు రంగుల్లో చాలా అందంగా ఉంటుంది. దానికి తలకిందులుగా ఈదే అలవాటు, జబ్బు అనుకుని మందులు పోయొద్దు. బంగ్గాయ్ కార్డినల్ ఇండోనేషియాలో బంగ్గాయ్ దీవుల చుట్టూ తప్ప సహజంగా మరెక్కడా లేని, తరిగిపోతున్న చేప. తిలాపియాలో తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుంటే దీనిలో తండ్రి పెట్టుకుంటాడు, అన్ని రోజులూ మేత ముట్టడు. ట్యాంకులో పుట్టినది దొరికితేనే తీసుకోవాలి.

కొనకూడనివి చెప్పాలంటే మొదట మాండరిన్. చేతితో రంగులేసినట్టుండే ఈ చేపను చూసి ఆగడం కష్టమే. అది తినేది రాళ్లమీద పాకే కంటికి ఆనని పురుగులను, రోజంతా. కొత్త పెట్టెలో ఆ పురుగులు రెండు వారాల్లో అయిపోతాయి, తర్వాత చేప మన కళ్లముందే ఎండిపోతుంది. గులిక మేత ముట్టే మాండరిన్ అరుదు. డామ్సెల్ చేపలు చౌక, మొండివి, దేనికీ చావవు. అందుకే ముందు అవే అమ్ముతారు. ఎదిగాక మిగతావాటిని చావనివ్వకుండా, బతకనివ్వకుండా చేస్తాయి, రాళ్లన్నీ పీకితే తప్ప పట్టుకోలేం. నీలం టాంగ్ అడుగు దాకా పెరుగుతుంది, ఈ పెట్టెలో దాని బతుకు జైలే.

వేసే వరస కూడా ముఖ్యం. పిరికివి ముందు, గోబీ, ఫైర్ ఫిష్. క్లౌన్, గ్రామా చివర. ఒక్కో విడతకు మధ్య మూడు, నాలుగు వారాలు ఆగాలి.

కొన్న చేపను నేరుగా పెద్ద పెట్టెలో వేయడం జూదం. 40 లీటర్ల ఖాళీ పెట్టె, రెండు అంగుళాల పీవీసీ గొట్టం ముక్కలు దాక్కోవడానికి, ముందే నెల రోజులు పెద్ద పెట్టెలో ఉంచి బాక్టీరియా పట్టించిన స్పాంజ్ ఫిల్టర్. ఇందులో 30 రోజులు చూడాలి. తెల్లమచ్చ జబ్బు వస్తే ఒంటిమీద ఉప్మారవ్వ చల్లినట్టు కనిపిస్తుంది. వారంలోపే మచ్చలు రాలిపోతాయి. తగ్గిందనుకుంటారు, మందు పనిచేసిందనుకుంటారు. రాలినవి అడుగున పొట్టుకట్టి, చిట్లి, వందల్లో మళ్లీ వస్తాయి, రెండో విడతలో చేప పోతుంది. దీనికి రాగి మందు ఉంది గానీ ఖాళీ పెట్టెలోనే వాడాలి. పెద్ద పెట్టెలో పోస్తే రాళ్లు, ఇసుక రాగిని పీల్చుకుంటాయి, ఇక ఆ పెట్టెలో రొయ్య, పగడం బతకడం కష్టం. జబ్బు పెద్ద పెట్టెలోకి వచ్చేస్తే చేపలన్నిటినీ తీసి, దాన్ని చేపలు లేకుండా 76 రోజులు వదిలేయాలని పెంపకందారుల లెక్క. మచ్చలు రవ్వలా కాకుండా గంధంపొడి అద్దినట్టు సన్నగా ఉండి, చేప ఆయాసపడుతుంటే అది వెల్వెట్ అనే వేరే జబ్బు. దానికి వారం కూడా టైముండదు.

చేపను కవరులోంచి మార్చడంలోనూ ఒక కిటుకుంది. షాపునుంచి అరగంటలో వచ్చిన చేపకైతే చుక్కచుక్కగా నీళ్లు కలుపుతూ ముప్పావుగంట తీసుకోవచ్చు. చెన్నై నుంచో ముంబై నుంచో రాత్రంతా పార్సిల్లో వచ్చిన చేపకు అది చేయకూడదు. కవరులో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ పడిపోయి ఉంటుంది, అందుకే అందులోని అమ్మోనియా అప్పటిదాకా చంపలేదు. మూతి విప్పగానే గాలి తగిలి పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. అలాంటప్పుడు కవరు విప్పకుండానే 15 నిమిషాలు తేల్చి వేడి సరిచేసి, ఖాళీ పెట్టెలో ఉప్పును అమ్మినవారు చెప్పిన కవరు నీటి ఉప్పుకు ముందే సరిపెట్టి, విప్పీ విప్పగానే చేపను మాత్రం అందులోకి మార్చేయాలి. కవరు నీళ్లు పారబోయాలి.

మేత రోజుకు రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత. ఫ్రీజర్ రొయ్యలకు బరువు నిలవడానికి ఫాస్ఫేట్ పట్టించి ఉండొచ్చు, అది నాచుకు పండగ. చేపల మార్కెట్లో తాజా రొయ్య కొని, పొట్టు తీసి, ఆవగింజంత ముక్కలు కోసి, ఆర్వో నీళ్లలో కడిగి పెట్టండి. వారానికి 16 లీటర్ల నీరు మార్చాలి, దానికి 580 గ్రాముల ఉప్పు పడుతుంది.

ఇంట్లో మనం పట్టించుకోని విషాలు కొన్ని. దోమల కాయిల్, ప్లగ్గులో పెట్టే దోమల మందు, బొద్దింకల స్ప్రే. వీటిలో ఉండే పైరిత్రాయిడ్ మందులు మనకు పెద్దగా హాని చేయకపోయినా చేపకు, రొయ్యకు బాగా విషం. ఎయిర్ పంపు ఆ గదిగాలినే పీల్చి నీళ్లలోకి ఊదుతుంది. పంపు పక్క గదిలో పెట్టి గొట్టం లాగండి. ఇంకొకటి, ఇది చేపలకు కాదు మనుషులకు సంబంధించినది. బొత్తాముల్లాంటి జోయాంథిడ్ పగడాలున్న రాయిని ఎట్టి పరిస్థితిలోనూ వేడినీళ్లతో కడగడం, ఉడకబెట్టడం చేయొద్దు. వాటిలో కొన్నింటిలో ఉండే పాలిటాక్సిన్ ఆవిరితో లేచి, విదేశాల్లో ఇంటిల్లిపాదీ ఆస్పత్రి పాలైన సందర్భాలున్నాయి. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు లేకుండా ఆ రాయిని తోమొద్దు.

చట్టం మాట కూడా చెప్పాలి. రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు, సముద్ర దోసకాయలు 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోకి వెళ్లాయి. మన సముద్రంలోంచి తీసిన పగడపు ముక్కను "లైవ్ రాక్" అని పేరు మార్చి అమ్మినా నేరమే, కొన్నా నేరమే. సముద్రపు గుర్రం గాజుపెట్టెలో కనబడితే మురిసిపోయి బేరమాడకండి. క్లౌన్ చేపకు ఆ ఇబ్బంది లేదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ దాన్ని మన దేశంలోనే హేచరీలో పొదిగించే పద్ధతి సాధించింది. హేచరీ పిల్ల గులిక మేత మరిగి ఉంటుంది, గాజును చూసి బెదరదు. సముద్రంలో సైనైడ్ చల్లి పట్టిన చేప షాపులో బాగానే ఈదుతుంది, ఇంటికొచ్చిన వారాలకు ఏ జబ్బూ కనబడకుండానే పోతుంది.

షాపులవారిని మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. అమ్మే ప్రతి కవరు మీద స్కెచ్ పెన్నుతో నాలుగు ముక్కలు రాయండి. మీ ట్యాంకులో ఉప్పు ఎంత పీపీటీ, చేప మీ దగ్గరికి వచ్చిన తేదీ, అది ఏ మేత తింటోంది, హేచరీదా సముద్రానిదా. కొనేవారు చేప మేత తినడం కళ్లారా చూడనిదే డబ్బు ఇవ్వొద్దు. చాలా షాపుల్లో మంచినీటి చేపలు, ఉప్పునీటి చేపలు రెండింటికీ ఒకే వల వాడతారు. అది కూడా ఓసారి చూసుకోండి.

ఇట్లు,
కొందరు ఉప్పునీటి అక్వేరియం పెంపకందారులు,
విజయవాడ – గుంటూరు